పెద్దమ్మ పిడికిలి

మా పెద్దమ్మ దినాలకు హుస్నాబాద్‌లో బస్సు దిగి వాళ్ల సందు మలుపు తిరగగానే పెద్ద ఫ్లెక్సీ ఎదురైంది. ఫొటో కింద ఎర్ర అక్షరాలతో "ఎందరో తల్లులకు తల్లి" అని రాయించారు. చదవగానే నాకు ఒళ్లు మండిపోయింది. పోయిన మనిషి గురించి మంచే మాట్లాడాలంటారు. ఆ మర్యాద ఎవరికి కావాలో వాళ్లు పాటించుకోనీ, నాకు చేతకాదు.

ఆ ఫొటో నాకు తెలుసు. జున్ను అనే తెల్ల బొచ్చుకుక్కను ఒళ్లో పెట్టుకుని ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నప్పుడు తీసింది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో కుక్క ఏమిటనుకున్నారేమో, దాన్ని కత్తిరించేశారు. పెద్దమ్మ కుడి చెయ్యి మాత్రం అలాగే మిగిలింది. గాలిలో కాస్త వంగి, వేళ్లు విడివడి, చూసేవాళ్లకు ఎవరినో దీవిస్తున్నట్టు కనబడుతుంది. దీవెన లేదు ఏమీ లేదు. ఆ వేళ్ల కింద ఒక చిన్న కుక్క పక్కటెముకలు ఉన్నాయి.

పెద్దమ్మ అంటే మా అవ్వకు, అంటే మా అమ్మకు, సొంత అక్క. మనిషి పిడికెడు, గొంతు సందంత. ఎవరు గడప తొక్కినా ముందు మొహం చూసేది కాదు, నడుం చూసేది. దగ్గరికి పిలిచి, చీర పక్కన రెండు వేళ్లతో చిటికెడు కండ పట్టి గుంజి తీర్పు చెప్పేది. "ఒళ్లు చేసినవ్" అనేది, లేకపోతే "గుంజుకపోయినవ్" అనేది. మధ్యలో ఇంకో మాట లేదు. కొత్త కోడళ్లను పట్టింది, వియ్యపురాళ్లను పట్టింది, ఓటరు చీటీలు పంచడానికి వచ్చిన టీచరమ్మను కూడా పట్టింది. ఆ టీచరమ్మ చీటీలన్నీ కింద పారేసుకుని నిలబడిపోతే, "నువ్వు జర తిను బిడ్డా, గాలికి కొట్టుకపోతవ్" అని చాయ్ తాగించి పంపింది.

మా చుట్టాల్లో ఏ ఆడపిల్ల కాన్పయినా పెద్దమ్మ దిగేది. ఎవరూ పిలవనక్కర్లేదు. చేతిలో ఒకటే సంచి ఉండేది. అందులో నడికట్టు కోసం చింపిన పాత చీర ముక్కలు, చెవుల్లో పెట్టడానికి దూది, సాంబ్రాణి, సీసా నిండా వెల్లుల్లి కారం. బాలింత మంచం పక్కనే నేల మీద చాప పరుచుకునేది. ఎవరూ ముట్టుకోని గుడ్డలు తనే ఉతికేది. పసిపిల్ల కుయ్ మంటే అందరికంటే ముందు లేచేది. వెళ్లేటప్పుడు జాకెట్ ముక్క పెట్టబోయినా తీసుకునేది కాదు. ఇదంతా నిజమే, దాచను. ఫ్లెక్సీ రాయించినవాళ్లకు ఈ సగమే తెలుసు, లేదా ఈ సగమే కావాలి.

మిగతా సగం ఆ సంచిలోనే ఉంది. ఆమె పథ్యం పెట్టిందంటే బాలింతకు పొడి అన్నం, వెల్లుల్లి కారం, అంతే. పప్పు వాతం, పెరుగు చలవ, ఆకుకూర అరగదు, పండ్లు పడవు. అన్నిటికంటే పెద్ద నేరం నీళ్లు. గొంతు తడుపుకోవడానికి గోరువెచ్చగా ఇన్ని పోసేది, అదీ తను చూస్తుండగా తాగాలి.

"కడుపు పచ్చిపుండు లెక్క ఉంటది బిడ్డా. నీళ్లు తాగితె నీరు పడ్తది. పొట్ట జారుతది. జారిందంటె మళ్ల లోపటికి పోదు."

ఈ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. నా కొడుకు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు పుట్టింది నడి ఎండాకాలంలో. కరీంనగర్ ఎండ సంగతి అక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. రేకుల గదిలో, చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఊపిరి ఆడకుండా నడికట్టు. నీళ్ల చెంబు పెద్దమ్మ తన తల దగ్గర పెట్టుకునేది. నాలుక అంగిలికి అతుక్కుపోయి, పిల్లవాడిని లాలించడానికి కూడా మాట వచ్చేది కాదు. స్నానానికి కూర్చోబెట్టినప్పుడు తలుపు వేసుకుని, కట్టెల పొగ వాసన కొట్టే ఆ స్నానం నీళ్లను మగ్గుతో ఎత్తి తాగాను. చప్పుడు కాకుండా తాగాను. నా పుట్టింట్లో నా గొంతు తడుపుకోవడానికి దొంగతనం చేశాను.

పాలు ఎండిపోయాయి. పిల్లవాడు రొమ్ము వదిలి గుక్కపట్టి ఏడుస్తుంటే పెద్దమ్మ నా రొమ్ము వత్తి చూసి, "నీది పాలు తక్కువ రకం. మీ అవ్వది గూడ గంతే" అని తేల్చేసింది. మా అవ్వ తలుపు పక్కన నిలబడి ఉంది. నోరు విప్పుతుందేమోనని చూశాను. "అక్కకు తెల్వదా బిడ్డా" అని లోపలికి పోయి డబ్బా పాలు కలుపుకొచ్చింది. ఆ డబ్బా మూత తీసిన చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి.

ఇక జున్ను సంగతి. పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న, శ్రీరాంపూర్ బొగ్గు గనిలో పనిచేస్తాడు. అక్కడ తోటి ఉద్యోగి ఇచ్చాడని ఒకసారి చెప్పుల డబ్బాలో పెట్టుకుని తెల్లని కుక్కపిల్లను తెచ్చాడు. "ఇల్లంత బొచ్చు జేస్తది, తెచ్చిన కాడనే ఇచ్చి రాపో" అని పెద్దమ్మ కేకలేసింది. తర్వాత చూస్తే అది ఆమె కంచంలో తింటోంది. జున్ను అని పేరు పెట్టింది కూడా ఆమే. పెరిగాక కూడా చిన్న గుమ్మడికాయంతే ఉండేది. పెద్దమ్మ ఎక్కడ కూర్చుంటే అక్కడ చీర కుచ్చిళ్ల మీద పడుకునేది.

ఆ జున్ను ఈనింది. నాలుగు రోజులు గడిచాయో లేదో మా అన్న బిడ్డ మౌనిక ఫోన్ చేసింది. అప్పుడు డిగ్రీ చదువుతోంది. "అత్తా, జున్ను వణుకుతుంది. లేస్తలేదు. నానమ్మ ఎవ్వలిని దగ్గరికి రానిస్తలేదు. నువ్వు చెప్తె వింటదేమో, జర రావా" అంది. పెద్దమ్మ నా మాట వింటుందని ఆ పిల్లకు ఎందుకు అనిపించిందో తెలియదు. నేను పనిచేసే గ్రానైట్ ఆఫీసులో సెలవు చెప్పి బస్సెక్కాను.

బియ్యం డ్రమ్ము ఉండే వెనక గదిలో సాంబ్రాణి పొగ. ఆ పొగలో జున్ను పడుకుని ఉంది. రెండు చెవుల్లో దూది. తలకు జాకెట్ గుడ్డ చుట్టి గడ్డం కింద ముడి. కడుపుకు చీర ముక్కతో నడికట్టు. ముందు స్టీలు ప్లేటులో పొడి అన్నం, ఎర్రగా వెల్లుల్లి కారం. పిల్లలు పక్కన తట్టలో ఉన్నాయి. పాలు తాగే వేళకు కట్టు విప్పి, తాగాక మళ్లీ కడుతోందట. నాకు ముందు నవ్వొచ్చింది, ఎవరికైనా వస్తుంది. తర్వాత దాని కాళ్లు చూశాను. నాలుగూ కర్రల్లా బిగుసుకుని వణుకుతున్నాయి. నాలుక బయట పడి ఉంది. వీపు మీద బొచ్చు తడిమితే ప్రతి ఎముకా చేతికి తగిలింది. చుట్టూ చూశాను, నీళ్ల గిన్నె లేదు.

"నీళ్లేవి పెద్దమ్మా?"

"బాలింతకు నీళ్లేంది?"

"అది కుక్క!"

"కుక్కైతె? దానికి కడుపు లేదా? అది గూడ కన్నది గద. నా బిడ్డ అసొంటిది. నేను చూస్కోకపోతె ఎవలు చూస్తరు దానికి?"

ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. దాని పక్కనే చాప పరిచి ఉంది. మమ్మల్ని చూసుకున్నట్టే దాన్నీ చూసుకుంటోంది. నాకు అసలు కోపం అక్కడే వచ్చింది. ఆమెకు ప్రేమ లేకపోతే ఒక్క మాటతో తిట్టి తెంపేసుకునేదాన్ని. కడుపులో పెట్టుకుని చూసుకుంటూనే ప్రాణం తీసే మనిషిని ఏమని తిట్టాలి?

నేను కట్టు విప్పబోతే చెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా, పొట్ట జారుతది."

"జారనీ! పొట్ట జారితె కుక్కకేమైతది? ఏమైతదో చెప్పు!" అని అరిచాను. ఇల్లంతా వినబడింది. ఆమె నా చెయ్యి వదిలేసింది. జున్నును తువ్వాలలో చుట్టి ఆటో ఎక్కాను. చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెనకే ఎక్కింది.

పశువుల దవాఖానలో ఉన్న డాక్టరమ్మ ముందు దూది తీసింది, తలగుడ్డ విప్పింది. నవ్వలేదు. కాలికి సూది పెట్టి, గుండె మీద గొట్టం ఆనించి వింటూ, మెల్లమెల్లగా మందు ఎక్కించింది. బిగుసుకున్న కాళ్లు సడలాయి. వణుకు ఆగింది. అప్పుడు అడిగింది, ఏం పెడుతున్నారని. పెద్దమ్మ గర్వంగా చెప్పింది, పథ్యం అంతా, ఒక్కటి వదలకుండా.

డాక్టరమ్మ అంతా వింది. తర్వాత, "అమ్మా, దీని ఒంట్లున్న కాల్షియం అంత పాలల్ల పోయింది. ఇంకొంచెం ఆలస్యమైతె చచ్చిపోతుండె. పాలిచ్చే తల్లికి మామూలు కన్న రెండింతలు, పిల్లలు పెరిగినకొద్ది ఇంకా ఎక్కువ పెట్టాలె. నీళ్లు ఎప్పుడు ముందటనే ఉండాలె. నీళ్లు లేంది పాలెక్కడియి? వెల్లుల్లి అసలే పెట్టొద్దు, కుక్కకు విషం అది" అంది. "కడుపు కాకముందు ఎంత బరువుండె?"

"తూకం ఎయ్యలే. నా చెయ్యికి తెలుసు" అని పెద్దమ్మ జున్ను పొట్ట కింద చర్మం చిటికెలో పట్టి గుంజింది. "గిదో, ఇంత కొవ్వున్నది. ఇంకా తక్కువ గావాలె."

"అది కొవ్వు గాదమ్మా. పాలతోని నిండింది, చర్మం సాగింది. పిల్లలు పాలు మరిచినంక మెల్లగ అదే పోతది. తల్లి ఒళ్లు పొట్ట జూసి చెప్పొద్దు. పక్కటెముకలు చూడాలె. మీ చెయ్యి ఇటియ్యుండ్రి."

డాక్టరమ్మ పెద్దమ్మ ఎడమ చేతిని పిడికిలి పట్టించింది. కుడి చేతి వేళ్లతో ఆ పిడికిలి గణుపులు తడమమంది. "ఎముక ఎముక తగుల్తుంది గద. పక్కటెముకలు గిట్ల తగిల్తె బక్కగున్నట్టు." పిడికిలి విప్పించి చేతి వెనకవైపు తడమమంది. "ఎముకలు తెలుస్తయ్, కాని మీద పల్చగ కండ ఉన్నది. గిట్లుంటె సరిగున్నట్టు." చెయ్యి తిప్పి అరచెయ్యి తడిమించింది. "ఏం తెలుస్తలేదు గద. గిట్లయితె ఒళ్లు ఎక్కువైనట్టు. పైకెల్లి చూస్తె పక్కటెముకల ఎనక నడుము సన్నంగ కనబడాలె. పాలిచ్చేటప్పుడు కొంచెం తగ్గినా పర్వాలేదు, ఎముకలు బయటికి రావద్దు. పిల్లలు పాలు మరిచేసరికి మొదటి బరువుకు వస్తె మంచిది."

పెద్దమ్మ ఆ చేతిని జున్ను పక్కల మీద పెట్టింది. వేళ్లు అలా కదుపుతూ ఉండిపోయింది. తర్వాత ఎడమ చెయ్యి పిడికిలి పట్టి, కుడి చేత్తో అదీ ఇదీ మార్చి మార్చి తడిమింది. మొహం తెల్లబోయింది. "గంతేనా? గింత బక్కైపోయిందా?" అంది. ఆమె అలా అడగడం నేను మొదటిసారి విన్నాను.

ఇంటికి రాగానే పెద్ద స్టీలు బేసిన్ నిండా నీళ్లు పోసి జున్ను ముందు పెట్టింది. అది తాగిన చప్పుడు పక్కింటికి వినబడి ఉంటుంది. గుడ్లు ఉడకబెట్టింది, ఉప్పూ కారం లేకుండా కోడి మాంసం వండింది. డాక్టరమ్మ వద్దన్నన్నాళ్లు పిల్లలను దూరంగా పెట్టి సీసా పాలు పట్టింది. పిల్లలు పెరిగి తలా ఒకింటికి పోయాక కూడా అదే తిండి పెట్టి జున్నును గుండ్రంగా చేసింది. "అరచెయ్యి అయింది" అని డాక్టరమ్మ కోప్పడితే మళ్లీ తగ్గించి దారికి తెచ్చింది. ఆ తర్వాత సందులో కుక్క కనబడితే చాలు, దాని యజమానిని ఆపి పిడికిలి పట్టించేది. "గిది బక్క, గిది సరి, గిది బలుపు" అని చూపించేది. చూసి నేను మురిసిపోయాను. మారిందనుకున్నాను.

అందుకే ఒకరోజు అరుగు మీద జున్నును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటే అడిగాను. "పెద్దమ్మా, దీనికి నీళ్లు కావాలని తెల్సింది గద. మరి నాకెందుకు తాగనియ్యలే?"

"అది కుక్క" అంది.

"అప్పుడు నేనదే అంటె, దానికి కడుపు లేదా అన్నవ్."

"మనిషి వేరు బిడ్డా. కుక్క చీర కడ్తదా? పొట్ట జారిన ఆడిదాన్ని మొగడు చూస్తడా? మీ పెద్దబాపు నన్నెందుకు ఇడిసిండో తెల్వదా నీకు? ఇద్దరు పిల్లలు పుట్టినంక నా పొట్ట జూసి నవ్వెటోడు. ఇడిసి ఇంకోదాన్ని తెచ్చుకున్నడు. నువ్వు చూడు, నీ నడుం ఎంత మంచిగున్నదో. నా పుణ్యం గాదా?" అని నా నడుం దగ్గర చిటికెడు కండ పట్టి చూసింది.

నేను ఆ చెయ్యి తోసేశాను. "నా కొడుక్కు పాలు లేకుంట జేసినవ్."

"పాలు డబ్బాల దొరుకుతయ్. నడుం దొరుకుతదా?"

సరిగ్గా అప్పుడే మౌనిక ఫోన్‌తో ఫొటో తీసింది. ఫ్లెక్సీ మీదున్నది అదే ఫొటో. పెద్దమ్మ చెయ్యి అప్పటికే మళ్లీ జున్ను పక్కటెముకల మీదికి చేరింది, ఎంత మెత్తగా! కుక్క బతకాలి కాబట్టి దాని ఎముకలు తడిమి తిండి పెట్టాలి. ఆడది బతకడం కాదు, ఎవడి కంటికో ఆనాలి కాబట్టి దాని నోరు కట్టాలి. పెద్దబాపు చేసింది పాడు పనే. ఆ కోపం ఆయన మీద తీర్చుకోవాలి గానీ మా నీళ్ల చెంబు మీదనా? నేను లేచి చెప్పులు వేసుకుని బస్టాండ్‌కి వెళ్లిపోయాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో కనబడితే పలకరించానే తప్ప మనసు విప్పి మాట్లాడింది లేదు.

ఇప్పుడు ఆమె దినాలు. టెంటు కింద ఆడవాళ్లంతా ఆమె చేయించిన కాన్పుల గురించే చెప్పుకుంటున్నారు. "గామె చెయ్యి పడ్డదంటె నడుం నడుమే" అని ఒకావిడ అంటే అందరూ తలలూపారు. వెనక పెరట్లో పిట్టకు పెట్టారు. పెద్ద విస్తరిలో పెద్దమ్మకు ఇష్టమైనవన్నీ, మటన్, చేపలు, గారెలు, సీసాలో కల్లు. పక్కన, ఆమె దూప మీద, అంటే దాహంతో, పోవద్దని చెంబు నిండా నీళ్లు. కాకి వచ్చి ముట్టాలని మా అన్నతో సహా అందరూ గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. జున్ను ముసలిదైంది. విస్తరి దగ్గరికి పోకుండా స్నానాల గది పక్కన కట్టేశారు. దాని ముందు అదే స్టీలు బేసిన్, నిండా నీళ్లు.

మౌనిక ఎక్కడని వాళ్లమ్మను, అంటే మా వదినను అడిగాను. మౌనిక కాన్పుకని పుట్టింటికి వచ్చింది, పెద్దమ్మ పోవడానికి కాస్త ముందే ఆడపిల్ల పుట్టింది. "లోపలున్నది, బయటికి తీస్తలేం" అంది వదిన. తలుపు తోశాను. ఫ్యాను ఆపేసి ఉంది. మౌనిక చెవుల్లో దూది, తలకు గుడ్డ, కడుపుకు చీర ముక్క. మంచం కింద ప్లేటులో పొడి అన్నం, ఎర్రగా కారం. పసిది రొమ్ము వదిలి ఏడుస్తోంది. జున్ను వణుకుతుందని నాకు ఫోన్ చేసిన పిల్ల, పెదాలు పగిలి, నన్ను చూసి నీరసంగా, "అత్తా, దూపైతుంది" అంది.

"నీళ్లియ్యలేదా?" అని వదిన వైపు తిరిగాను.

"అత్తమ్మ ఎట్ల జేసిందో గట్లనే చేస్తున్న. పెద్దమనిషి పోయిందని పద్ధతి ఇడిసిపెడ్తమా?" అంది వదిన.

నేను బయటికి వచ్చి, పెరట్లోకి నడిచి, విస్తరి పక్కనున్న చెంబు ఎత్తాను.

"అయ్యో, అది పిట్ట కాడిది! ఏం జేస్తున్నవ్?" అని వదిన వెనక నుంచి అరిచింది. మా అన్న తల తిప్పాడు. అందరూ తిప్పారు.

"చచ్చినామెకు దూపైతదని చెంబు పెట్టిన్రు. కుక్కకు దూపైతదని బేసిన్ పెట్టిన్రు. లోపట పసిపిల్లకు పాలిచ్చే పోరి నాలుక ఎండి సస్తుంది. సిగ్గు లేదా మీకు?" అన్నాను. నా గొంతు పెద్దమ్మ గొంతులాగే ఉంది. ఎవరూ అడ్డం రాలేదు.

మౌనిక లేచి కూర్చుని చెంబు రెండు చేతులతో పట్టుకుంది. గటగటా తాగింది. గడ్డం మీదుగా కారి నడికట్టు తడిసింది. కట్టు విప్పడానికి నా చెయ్యి ఆమె వీపు కింద పెట్టాను. వేళ్లకు పక్కటెముకలు తగిలాయి. పిడికిలి. అచ్చం పిడికిలే. పెద్దమ్మ సందంతా తిరిగి నేర్పిన లెక్క ఈ ఇంట్లో ఒక్కరికీ ఈ పిల్ల మీద గుర్తు రాలేదు.

పెరట్లో, "ముట్టింది! పిట్ట ముట్టింది!" అని ఎవరో కేకేశారు. ఆడవాళ్లు దండాలు పెట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

మౌనిక చెంబు ఖాళీ చేసి నా వైపు చాపింది. "ఇంకిన్ని" అంది.

ఖాళీ చెంబు పట్టుకుని, అందరి ముందు నుంచే నడుచుకుంటూ నీళ్ల కోసం వెళ్లాను.